తప్పెటగుళ్ల బృందానికి ఫోను పుస్తకం, కేలెండర్: వీసీఎఫ్, ఐసీఎస్ ఫైళ్లను పైథాన్‌తో చదవడం, రాయడం ఎలా

విజయనగరం దగ్గరి పల్లెలో మా మేనమామ ఒక తప్పెటగుళ్ల బృందానికి పెద్ద. జాతరల కాలం మొదలైతే ఆయనకు ఊపిరి ఆడదు. ఏ ఊళ్లో ఏ రోజు ఆట ఉందో ఒక నోటు పుస్తకంలో, ఆడేవాళ్ల నంబర్లు మూడు ఫోన్లలో, బయానా ఇచ్చినవాళ్ల వివరాలు ఒక ఎక్సెల్ షీటులో ఉండేవి. "ఇవన్నీ అందరి ఫోన్లలోకి ఒక్కసారే ఎక్కించలేవా?" అని ఆయన అడిగినప్పుడు అరగంట పని అనుకున్నాను. రెండు ఆదివారాలు పట్టింది. మీకు అంతసేపు పట్టకూడదని ఇది రాస్తున్నాను.

ఇక్కడ ఫైళ్లలోని ఆదేశాల పేర్లను తెలుగు లిపిలో చూపిస్తున్నాను. మీ కంప్యూటర్‌లో అవి ఇంగ్లీషు పెద్ద అక్షరాల్లో ఉంటాయి.

ముందు ఫైలును నోట్‌ప్యాడ్‌లో తెరవండి

ప్రోగ్రాం రాయకముందే ఫోన్ నుంచి కాంటాక్టులను ఎగుమతి చేసి, ఆ వీసీఎఫ్ ఫైలును నోట్‌ప్యాడ్ వంటి దానిలో తెరిచి చూడండి. అది ఉత్త అక్షరాల ఫైలు. ప్రతి మనిషి వివరాలూ "బిగిన్:వీకార్డ్" అనే వరుసతో మొదలై "ఎండ్:వీకార్డ్"తో ముగుస్తాయి. వందమంది ఉంటే ఇలాంటి వంద కార్డులు ఒకదాని కింద ఒకటి పేర్చి ఉంటాయి. కేలెండర్ ఫైలైన ఐసీఎస్ అమరిక వేరు. మొత్తానికి ఒకే "వీకేలెండర్" పెట్టె, దాని లోపల ఎన్ని కార్యక్రమాలుంటే అన్ని "వీఈవెంట్" పెట్టెలు.

రెండో వరుసలో ఉండే వెర్షన్ సంఖ్యను తప్పకుండా చూడండి. వీకార్డ్ 2.1 అనేది 1996 నాటిది. 3.0ను 1998లో ఆర్ఎఫ్‌సీ (ఇంటర్నెట్ ప్రమాణ పత్రం) 2426గా, 4.0ను 2011లో ఆర్ఎఫ్‌సీ 6350గా ప్రకటించారు. కొత్తది వచ్చింది కదా అని పాతది పోలేదు. మా మామయ్య మూడు ఫోన్లలో రెండు 2.1లోనే ఎగుమతి చేశాయి. చదివేటప్పుడు మూడింటికీ సిద్ధంగా ఉండండి, రాసేటప్పుడు మాత్రం 3.0లో రాయండి. పాత ఫోన్లూ కొత్త ఫోన్లూ పేచీ పెట్టకుండా తీసుకునేది అదే. కేలెండర్ల విషయంలో ఈ తలనొప్పి తక్కువ. 1998 నాటి ఆర్ఎఫ్‌సీ 2445 స్థానంలో 2009లో ఆర్ఎఫ్‌సీ 5545 వచ్చింది, రెండింటిలోనూ వెర్షన్ 2.0 అనే ఉంటుంది.

ఒక హెచ్చరిక. ఈ ఫైళ్లను ఉచితంగా మార్చి ఇస్తామనే వెబ్‌సైట్లు చాలా ఉన్నాయి. మీ ఫైలులో ఉన్నవి మీ ఒక్కరి నంబర్లు కావు. నలుగురి నంబర్లను ముక్కూమొహం తెలియని చోట పెట్టకండి. ఆ పని మీ కంప్యూటర్‌లోనే అవుతుంది.

పైథాన్ లైబ్రరీలను దించిపెట్టే పిప్‌తో రెండు లైబ్రరీలు తెచ్చుకోండి: కాంటాక్టులకు వీఆబ్జెక్ట్, కేలెండర్‌కు ఐకేలెండర్. సమయ మండలాల కోసం పైథాన్ 3.9 నుంచి జోన్‌ఇన్ఫో దానితోనే వస్తుంది. విండోస్‌లో అయితే టీజెడ్‌డేటా అనే ప్యాకేజీని కూడా వేసుకోవాలి. లేకపోతే ఏషియా/కోల్‌కతా అనే మండలమే లేదంటుంది.

"ళ" అక్షరం ఎక్కడ విరిగింది

"ఉత్త అక్షరాల ఫైలే కదా, వరుసకో ముక్కగా విడగొట్టి, కోలన్ దగ్గర రెండుగా చీల్చితే సరిపోతుంది" అని మీకు అనిపిస్తుంది. నాకూ అనిపించింది. ఇంగ్లీషు పేర్లతో అది చాలావరకు నడుస్తుంది కూడా. తెలుగు దగ్గరికి వచ్చేసరికి బోల్తా పడుతుంది.

ఈ రెండు ప్రమాణాలూ ఒక వరుస 75 బైట్లు దాటకూడదని చెబుతాయి. దాటితే వరుసను విరిచి, తరువాతి వరుసను ఒక ఖాళీతో మొదలుపెట్టాలి. చదివేవాళ్లు ఆ వరుస ముగింపునూ ఖాళీనీ తీసేసి రెండు ముక్కలనూ అతికించుకోవాలి. ఇక్కడ లెక్క అక్షరాలది కాదు, బైట్లది. అక్షరాలను బైట్లుగా రాసే యూటీఎఫ్-8 పద్ధతిలో ఇంగ్లీషు అక్షరానికి ఒక బైటు చాలు. తెలుగులో అక్షరానికీ గుణింతపు గుర్తుకూ పొల్లుకూ విడివిడిగా మూడేసి బైట్లు కావాలి.

మామయ్య కార్యక్రమాల్లో ఒకదాని పేరు "తొలేళ్ల ఉత్సవం తప్పెటగుళ్ల ప్రదర్శన". పైడితల్లి అమ్మవారి సిరిమానోత్సవానికి ముందురోజు జరిగేదే తొలేళ్లు. ఈ పేరులో 32 యూనికోడ్ గుర్తులు, 3 ఖాళీలు ఉన్నాయి. అంటే 99 బైట్లు. ముందు ఉండే "సమ్మరీ" అనే ఆదేశానికీ కోలన్‌కూ కలిపి ఇంగ్లీషులో 8 బైట్లు. మొత్తం 107. కాబట్టి 75వ బైటు దగ్గర విరవాలి. వేలు పెట్టి లెక్కిస్తే ఆ విరుపు "తప్పెటగుళ్ల"లోని "ళ" మధ్యలో పడుతుంది. దాని మూడు బైట్లలో రెండు పై వరుసలో, ఒకటి కింది వరుసలో.

నేను మొదట రాసుకున్న ప్రోగ్రాం గుడ్డిగా బైట్లు లెక్కపెట్టి అక్కడే కోసింది. ఆ ఫైలునే మళ్లీ చదివేటప్పుడు వరుసల వారీగా యూటీఎఫ్-8 నుంచి అక్షరాలుగా మార్చి, ఆ తరువాత అతికించాను. ఒక్కో వరుసలో సగం అక్షరమే ఉంది కాబట్టి "తప్పెటగు" తరువాత రెండు నల్లటి ప్రశ్నార్థకాలు, వాటి పక్కన దిక్కులేని ఒక పొల్లు కనిపించాయి. మామయ్య చూసి, "గుళ్లు ఎక్కడికి పోయాయిరా?" అన్నాడు.

కాబట్టి క్రమం ఇది. ఫైలును బైట్లుగా తెరవండి. బైట్లుగా ఉండగానే విరిగిన వరుసలను అతికించండి. ఆ తరువాతే యూటీఎఫ్-8గా చదవండి. ఐకేలెండర్ లైబ్రరీలో ఫైలును చదివే ఫ్రమ్_ఐకాల్‌కు అలా అతికించిన బైట్లనే ఇవ్వండి. రాసేటప్పుడు కూడా టు_ఐకాల్ మీకు బైట్లే ఇస్తుంది, అవి అక్షరం మధ్యలో విరగకుండా ఉంటాయి. మీరే విరుపు రాసుకోవాలన్న పట్టుదల ఉంటే, పైథాన్‌లో లెన్ చెప్పేది గుర్తుల సంఖ్యే కానీ బైట్లు కాదని గుర్తుంచుకోండి. 75 గుర్తులని లెక్కపెడితే మీ తెలుగు వరుస 200 బైట్లు దాటిపోతుంది.

వరుస ముగింపులోనూ ఒక చిక్కు ఉంది. రెండు ప్రమాణాలూ ప్రతి వరుస చివర సీఆర్, ఎల్ఎఫ్ అనే రెండు బైట్లూ ఉండాలంటాయి. విండోస్‌లో ఫైలును అక్షరాల పద్ధతిలో రాయడానికి తెరిస్తే, పైథాన్ ప్రతి ఎల్ఎఫ్‌కు ముందు మరో సీఆర్ చేర్చుతుంది. అప్పుడు రెండు సీఆర్‌లు వస్తాయి. కొన్ని ఫోన్లు దాన్ని భరిస్తాయి, కొన్ని ఫైలు పాడైందని తిప్పికొడతాయి. రాయడానికీ బైట్ల పద్ధతినే వాడండి, గొడవ వదిలిపోతుంది.

పాత ఫోన్ల కార్డులు చదవడం

2.1 కార్డులో తెలుగు పేరు ఎక్కడా తెలుగులో కనిపించదు. "క్వోటెడ్-ప్రింటబుల్" అనే పద్ధతిలో ఒక్కో బైటుకూ సమానం గుర్తు, దాని వెంట రెండు అంకెలో అక్షరాలో ఉంటాయి. "ర" ఒక్కదానికే "=ఈ0=బీ0=బీ0" అని తొమ్మిది గుర్తులు. "రాము" అని రాస్తే 36. తెలుగు గుర్తులన్నీ ఈ0 తరువాత బీ0 గానీ బీ1 గానీ వచ్చి మొదలవుతాయి కాబట్టి, ఫైలులో ఆ జత వరసగా కనిపిస్తే అక్కడ తెలుగు ఉందని చూడగానే తెలిసిపోతుంది.

ఈ పద్ధతిలో పొడవైన వరుసను విరిచే తీరు కూడా వేరు. వరుస చివర ఒక సమానం గుర్తు పెట్టి కింది వరుసకు వెళతారు. ఆ కింది వరుస మొదట ఖాళీ ఉండదు. పైన చెప్పిన అతుకుడు సూత్రం ఇక్కడ పని చేయదు. చివర సమానం ఉన్న ప్రతి వరుసనూ అతికించుకుంటూ పోతే సరే కదా అనుకుంటే అది ఇంకో గొయ్యి. కార్డులో ఫొటో ఉంటే అది బేస్64 పద్ధతిలో ఉంటుంది, ఆ ఫొటో చివరి వరుస కూడా తరచుగా సమానం గుర్తుతోనే ముగుస్తుంది. అప్పుడు ఒకరి ఫొటోకు దాని కింది వరుస అతుక్కుపోతుంది. కోలన్‌కు ముందు భాగంలో క్వోటెడ్-ప్రింటబుల్ అని రాసి ఉన్న వరుసలను మాత్రమే ఇలా అతికించి, పైథాన్‌తో వచ్చే క్వోప్రీతో విప్పండి. విప్పినదాన్ని 3.0 కార్డుగా మార్చుకుని, ఆ తరువాత వీఆబ్జెక్ట్‌కు ఇవ్వండి. నేను ఇలా రెండు దశల్లో చేశాకే మనశ్శాంతి దొరికింది.

పైడిరాజులు ఎందరు?

ఇప్పుడు మూడు ఫోన్ల జాబితాలూ ఒకచోటికి వచ్చాయి. మనుషులు ఒకటికి మూడుసార్లు ఉన్నారు. పేరును బట్టి కలిపేద్దామా? మా వైపు అది కుదరదు. బృందంలోనే పైడిరాజులు ముగ్గురు, అప్పలనాయుడులు ఇద్దరు. శ్రీకాకుళం వైపు వెళితే అరసవల్లి దేవుడి పేరు పెట్టుకున్న సూర్యనారాయణలు ఇంటికొకరు తేలతారు. పేరుతో కలిపితే ముగ్గురు పైడిరాజులు కలిసి ఒక్క మనిషై, మూడు నంబర్లతో కనిపిస్తారు. ఇద్దరికి ఆట కబురు అందదు.

పైగా ఒకే పైడిరాజు రెండు వేర్వేరు పేర్లుగా కూడా కనిపించవచ్చు. యూనికోడ్‌లో ఐత్వాన్ని ఒకే గుర్తుగా రాయవచ్చు, లేదా ఎత్వం గుర్తునూ ఐత్వపు కింది భాగాన్నీ రెండు గుర్తులుగా రాయవచ్చు. తెరమీద రెండూ "పై" అనే కనిపిస్తాయి, కంప్యూటర్‌కు మాత్రం అవి సమానం కావు. కాబట్టి పేర్లను దేనితో పోల్చాలన్నా ముందు యూనికోడ్‌డేటాలోని నార్మలైజ్‌తో ఎన్ఎఫ్‌సీ అనే ఒకే రూపానికి తెచ్చుకోండి.

మనిషిని గుర్తించడానికి ఫోను నంబరే ఆధారం. అంకెలు తప్ప మిగతావన్నీ తీసేయండి. 91తో మొదలై 12 అంకెలుంటే ఆ 91ని తీసేయండి, ముందు సున్నా ఉంటే దాన్నీ తీసేయండి. మిగిలిన 10 అంకెలకు ముందు +91 చేర్చండి. శ్రీకాకుళం ల్యాండ్‌లైన్ కోడ్ 08942, విజయనగరానిది 08922. సున్నా తీసేశాక ఇవి 8తో మొదలయ్యే పది అంకెలై అచ్చం సెల్ నంబర్లలాగే కనిపిస్తాయి. అందుకని సున్నా తీయకముందే ఆ కోడ్ ఉందేమో చూసి, "సెల్" రకమా "హోమ్" రకమా అన్నది రాసుకోండి. అనుమానం తగిలినవాటిని వేరే జాబితాలో పెట్టి చేత్తో సరిచూడండి. నాకు అలాంటివి నాలుగే తేలాయి, వాటి కోసం ప్రోగ్రాం రాయడం దండగ. ఎక్సెల్ షీటు నుంచి వచ్చిన నంబర్లలో ముందు సున్నా అప్పటికే ఎగిరిపోయి ఉండవచ్చు, అది కూడా చూసుకోండి.

3.0 కార్డులో "ఎఫ్ఎన్", "ఎన్" రెండూ ఉండి తీరాలి. ఎఫ్ఎన్ అంటే తెరమీద కనిపించే పూర్తి పేరు, మీరు పిలిచినట్టే రాయండి. ఎన్‌లో సెమికోలన్లతో విడదీసిన ఐదు గదులుంటాయి. మొదటిది ఇంటిపేరు, రెండోది పేరు. మనం ఎలాగూ ఇంటిపేరే ముందు చెబుతాం కాబట్టి ఇది మనకు సహజంగానే ఉంటుంది. ఇనీషియల్ ఒక్కటే తెలిస్తే దాన్నే ఇంటిపేరు గదిలో పెట్టండి. ఒకే పేరు ముగ్గురికి ఉంటే ఎఫ్ఎన్‌లో ఊరు చేర్చండి. "గజపతినగరం పైడిరాజు" అంటే ఎవరికీ తడబాటు ఉండదు.

చిరునామాకు ఏడు గదులుంటాయి. మొదటి రెండూ ఖాళీగా వదిలేయండి. తరువాత వీధి, ఊరు, రాష్ట్రం, పిన్‌కోడ్, దేశం. మండలానికీ జిల్లాకూ చోటు లేదు. నేను జిల్లాను రాష్ట్రం గదిలోనే ముందు రాశాను. అలా రాస్తే మధ్యలో కామా వస్తుంది. ఈ ఫైళ్లలో కామా, సెమికోలన్ విడదీసే గుర్తులు. వాటిని మామూలు అక్షరాలుగా రాయాలంటే ముందు వెనుకగీత పెట్టాలి. లైబ్రరీ ఆ పని చేసిపెడుతుంది, మీరు ముందే చేత్తో పెట్టకండి. పెడితే రెండు గీతలు పడతాయి.

జిల్లా పేర్లు సరిదిద్దేటప్పుడు ఒకటి గుర్తుంచుకోండి. 2022 ఏప్రిల్ 4న జిల్లాలు మారాయి. శ్రీకాకుళం జిల్లాలో ఉన్న రాజాం విజయనగరం జిల్లాలోకి, పాలకొండ పార్వతీపురం మన్యం జిల్లాలోకి వెళ్లాయి. పిన్‌కోడ్లు మాత్రం మారలేదు. రాజాం ఇప్పటికీ 532127, పాలకొండ 532440. "532 అంటే శ్రీకాకుళం జిల్లా, 535 అంటే విజయనగరం జిల్లా" అని ప్రోగ్రాంలో రాశారో, ఈ రెండు ఊళ్లూ పాత జిల్లాకే తిరిగి వెళ్లిపోతాయి. ఊరి పేరును బట్టే జిల్లా రాయండి.

ఆరు గంటల ఆట పదకొండున్నరకు

ఇక కేలెండర్. ఒక కార్యక్రమం ఇలా ఉంటుంది:

బిగిన్:వీఈవెంట్
యూఐడీ:(ఈ కార్యక్రమానికే చెందిన గుర్తు)
డీటీస్టాంప్:20250901టీ043000జెడ్
డీటీస్టార్ట్;టీజెడ్ఐడీ=ఏషియా/కోల్‌కతా:20251006టీ180000
సమ్మరీ:తొలేళ్ల ఉత్సవం తప్పెటగుళ్ల ప్రదర్శన
ఎండ్:వీఈవెంట్

తేదీ ఎనిమిది అంకెలు, "టీ" అక్షరం, సమయం ఆరు అంకెలు. చివర "జెడ్" ఉంటే అది అంతర్జాతీయ ప్రామాణిక సమయం, అంటే యూటీసీ. మన సమయం దానికంటే ఐదున్నర గంటలు ముందుంటుంది. జెడ్ లేకుండా, మండలం పేరూ లేకుండా రాస్తే, ఫోను ఏ దేశంలో ఉంటే ఆ దేశపు ఆరు గంటలని అర్థం.

నేను ఎక్కడో చూసిన నమూనాలో జెడ్ ఉంది కదా అని అన్ని సమయాల చివరా అది తగిలించాను. సాయంత్రం ఆరు గంటల ఆటలన్నీ ఫోన్లలో రాత్రి పదకొండున్నరకు పడ్డాయి. విచిత్రం ఏమిటంటే బృందంలో ఎవరికీ అనుమానం రాలేదు. జాతరలో తప్పెటగుళ్లు పదకొండున్నరకు మొదలవడం కొత్తేమీ కాదు! ఉదయం పది గంటలకు ఒక పాఠశాలలో పెట్టిన ప్రదర్శన మధ్యాహ్నం మూడున్నరకు కనిపించినప్పుడే దొరికిపోయాను. కాబట్టి పరీక్షించేటప్పుడు ఉదయపు కార్యక్రమం ఒకటైనా ఉండేలా చూడండి.

పైథాన్‌లో సమయాన్ని తయారుచేసేటప్పుడే జోన్‌ఇన్ఫోతో ఏషియా/కోల్‌కతా తగిలించండి. మండలం పేరు వాడినప్పుడు దాని వివరాలున్న వీటైమ్‌జోన్ పెట్టె కూడా ఫైలులో ఉండాలని ప్రమాణం చెబుతుంది. ఐకేలెండర్ కొత్త వెర్షన్లలో యాడ్_మిస్సింగ్_టైమ్‌జోన్స్ అనే ఆదేశంతో అది దానంతటదే చేరుతుంది.

"మన దేశంలో వేసవి సమయం మార్పులు లేవు కదా, అంతా యూటీసీలోకి మార్చి జెడ్ పెడితే పోదా?" అనవచ్చు. ఒక్కసారి జరిగే ఆటలకు అది ఫరవాలేదు. వారంవారం వచ్చేవాటి దగ్గర దెబ్బతింటారు. బృందం ప్రతి ఆదివారం తెల్లవారుజామున ఐదింటికి సాధన చేస్తుంది. యూటీసీలో అది శనివారం రాత్రి పదకొండున్నర. మళ్లీ మళ్లీ ఏ రోజు రావాలో చెప్పే ఆర్‌రూల్ వరుసలో ఆదివారం అని రాస్తే సాధన సోమవారం తెల్లవారుజామున పడుతుంది. మండలం పేరుతోనే రాయండి. ఒక్క అన్‌టిల్ విషయంలో మాత్రం తిరకాసు ఉంది. మొదలు సమయానికి మండలం ఉంటే, ఎప్పటివరకు అనేది యూటీసీలోనే ఇవ్వాలి.

రోజంతా ఉండే కార్యక్రమానికి సమయం లేకుండా తేదీ మాత్రమే ఇవ్వండి. ముగింపు తేదీ ఆ కార్యక్రమంలో లెక్కకు రాదు. తొలేళ్లు సోమవారం, సిరిమాను మంగళవారం. ఈ రెండు రోజులనూ ఒకటిగా పెట్టాలంటే డీటీఎండ్‌లో బుధవారం తేదీ రాయాలి. మంగళవారం రాస్తే అసలు సిరిమాను రోజే కేలెండర్‌లోంచి జారిపోతుంది.

తిథులకు ఆర్‌రూల్ పనికిరాదు

ఏటా వచ్చేదే కదా అని సిరిమానోత్సవానికి "ఇయర్లీ" అని నియమం పెట్టకండి. అది విజయదశమి తరువాత వచ్చే మంగళవారం. 2024లో దసరా అక్టోబరు 12, సిరిమాను 15. 2025లో దసరా అక్టోబరు 2, సిరిమాను 7. అరసవల్లి రథసప్తమి కూడా అంతే: 2025లో ఫిబ్రవరి 4, 2026లో జనవరి 25. ఆర్‌రూల్‌కు ఇంగ్లీషు కేలెండరే తెలుసు. ఇతర కేలెండర్ల కోసం 2015లో ఆర్ఎఫ్‌సీ 7529 ఒక పద్ధతి చెప్పింది, కానీ ఫోన్లు దాన్ని అర్థం చేసుకుంటాయని నమ్మి కూర్చోలేం. పండుగల తేదీలను ఒక చిన్న షీటులో ఏడాదికోసారి చేత్తో నింపుకోండి. ప్రోగ్రాం ఆ షీటు చూసి విడివిడి కార్యక్రమాలు తయారుచేస్తుంది. ఇందులో నామోషీ ఏమీ లేదు, పంచాంగం ఉన్నది అందుకే.

యూఐడీని ప్రతిసారీ కొత్తగా పుట్టించకండి. ఆట సమయం మారిందని ఫైలు మళ్లీ పంపితే, పాత యూఐడీ ఉంటేనే ఫోను దాన్ని పాత కార్యక్రమానికి మార్పుగా తీసుకోగలదు. కొత్తది ఉంటే ఒకే రాత్రికి రెండు ఆటలు కనిపిస్తాయి. నోటు పుస్తకంలోని వరుస సంఖ్య ఆధారంగా యూయూఐడీ5తో తయారుచేస్తే ఎన్నిసార్లు నడిపినా అదే గుర్తు వస్తుంది. మార్పు చేసిన ప్రతిసారీ సీక్వెన్స్ సంఖ్యను ఒకటి పెంచండి.

ఇతరులు పంపిన ఐసీఎస్‌ను చదివేటప్పుడు పైథాన్ పెట్టే పరీక్ష ఒకటుంది. డీటీస్టార్ట్‌లోని విలువ కొన్నిచోట్ల డేట్‌గా, కొన్నిచోట్ల డేట్‌టైమ్‌గా వస్తుంది. రెండూ కలిసిన జాబితాను వరుసలో పెట్టబోతే పోల్చలేనని ప్రోగ్రాం ఆగిపోతుంది. ఏది ఏదో తెలుసుకుందామని "ఇది డేట్ రకమా?" అని అడిగితే రెండింటికీ అవునంటుంది, ఎందుకంటే పైథాన్‌లో డేట్‌టైమ్ అనేది డేట్‌కు బిడ్డ. "డేట్‌టైమ్ రకమా?" అన్న ప్రశ్నే ముందు అడగండి. కాకపోతే ఆ తేదీని ఆ రోజు అర్ధరాత్రి సమయంగా మార్చి, మన మండలం తగిలించండి. మండలం లేని సమయాలకూ అదే తగిలించండి. అప్పుడు అన్నీ ఒకే వరుసలో కూర్చుంటాయి.

చివరగా, తయారైన ఫైలును నేరుగా అందరికీ పంపకండి. ముందు మీ ప్రోగ్రాంతోనే దాన్ని మళ్లీ చదివించి, లోపలికి వెళ్లిన కార్డులూ బయటికి వచ్చిన కార్డులూ లెక్క సరిపోయాయో లేదో చూడండి. తరువాత ఒకే ఒక్క ఫోన్‌లో, విడిగా ఒక కొత్త కేలెండర్ తెరిచి అందులోకి దిగుమతి చేయండి. తప్పు దొర్లితే ఆ కేలెండర్‌ను తీసేస్తే చాలు, అసలు కేలెండర్‌కు ఏమీ కాదు. నేను దానికి "పరీక్ష" అని పేరు పెట్టాను. ఆటలన్నీ సరిగ్గా పడ్డాక పేరు మారుద్దామంటే మామయ్య ఒప్పుకోలేదు. ఇప్పటికీ ఎవరైనా ఆట కట్టడానికి ఫోన్ చేస్తే, "ఉండండి, పరీక్ష చూసి చెబుతాను" అంటాడు.